డిగ్రీలో జెండర్ చదువు మన నల్గొండ, పాలమూరు పిల్లలకు పనికొస్తుందా?

దేవరకొండ బీఏ

అందరికీ నమస్తే. నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రభుత్వ కాలేజీలో బీఏ రెండో సంవత్సరం. హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ. సోషియాలజీలో జెండర్ పాఠాలు (ఆడ, మగ తేడాలను సమాజం ఎలా తయారుచేస్తుందో చెప్పేవి) మొదలైనప్పటి నుంచి నా ధ్యాసంతా దాని మీదే. ప్రాజెక్టు కూడా అందులోనే చేసి, పీజీ విమెన్స్ స్టడీస్‌లో చేయాలని ఉంది. ఇంట్లో మాత్రం రోజూ గొడవ. "అది చదివితే ఏం ఉద్యోగమొస్తది?" అని నాన్న. "సంసారాలు కూలగొట్టే చదువు" అని అన్న. క్లాసులో ఆ పీరియడ్ రాగానే సగం మంది మగపిల్లలు బయటికి పోతారు. మీరంతా నాకంటే పెద్దవాళ్లు. డిగ్రీలో ఉన్న పిల్ల ఈ చదువు మీద టైమ్ పెట్టొచ్చా? అలాగే, ఇది ఇష్టమున్నవాళ్లే చదవాలా, అందరికీ తప్పనిసరి చేయాలా?

మిర్యాలగూడ సార్

బిడ్డా, నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. సాయంత్రం గ్రూప్స్‌కు తయారయ్యే పిల్లలకూ చెబుతాను. ఆడపిల్ల చదవాలి, సంపాదించాలి, తన కాళ్ల మీద నిలబడాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. నువ్వు అడిగింది వేరు. మన దగ్గర డిగ్రీకి వచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది పత్తి చేనులోనో, రైసు మిల్లులోనో పనిచేసేవాళ్లు. మూడేళ్ల చదువంటే వాళ్లకు మిత్తి కట్టాల్సిన అప్పు. ఆ మూడేళ్లలో పిల్లకు ఇంగ్లీషు పట్టుబడిందా, కంప్యూటర్ వచ్చిందా, బీఈడీకి దారి పడిందా అనేది ముందు చూడాలి. ఎక్కడో ఫ్రాన్స్‌లో, అమెరికాలో పుట్టిన సిద్ధాంతాలు మన ఊళ్లో ఆడవాళ్ల బతుకు మార్చలేదు. చట్టాలు మార్చాయి, పొదుపు సంఘాలు మార్చాయి. మా బడిలో మరుగుదొడ్లు కట్టాక ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు బడి మానేయడం తగ్గింది. ఇది నేను కళ్లారా చూసింది.

తప్పనిసరి చేయడానికైతే నేను పూర్తిగా వ్యతిరేకం. డిగ్రీలో తప్పనిసరి చేసిన పర్యావరణం సబ్జెక్టు ఏమైందో చూడండి. పరీక్ష ముందు రోజు గైడు కొంటారు, బట్టీ పడతారు, పాసై మరిచిపోతారు. ఆ పుస్తకం చదివి ఊరి చెరువు గురించి ఆలోచించిన పిల్లాడిని నాకు ఒక్కడిని చూపించండి. ఆడవాళ్ల గౌరవం కూడా అలా గైడు పుస్తకం పాలు కావడం నాకు ఇష్టం లేదు.

భువనగిరి బీటెక్

సార్, మాకు తప్పనిసరే ఉండె. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో జెండర్ కోర్సు పెట్టారు. దానికోసం తెలుగు అకాడమీ 2015లో ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో పాఠ్యపుస్తకం వేసింది. మా కాలేజీలో చెప్పింది ఫిజిక్స్ సార్. ఆయనకూ ఇబ్బందే, మాకూ ఇబ్బందే. మొదట్లో వెనక బెంచీల నుంచి ఒకటే నవ్వులు. తర్వాత ఇంటి పని మీద పాఠం వచ్చింది. తెల్లారి లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో గంటల వారీగా రాసుకు రమ్మన్నారు. హాస్టల్ పిల్లలు ఇంటికి ఫోన్ చేసి అడిగి రాశారు. మా అమ్మ లిస్టు పేజీ దాటింది. నాన్నదీ, నాదీ కలిపితే అరపేజీ. ఆ రోజు క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఇష్టముంటేనే తీసుకోండి అని ఉంటే నేనూ, నా దోస్తులూ దాని జోలికే పోయేవాళ్లం కాదు. ఈ పాఠం ఎక్కువ అవసరం ఉన్నది మాలాంటి మగపిల్లలకే కదా సార్.

ఆలేరు అక్క

మాది ఆలేరు వైపు చేనేత కుటుంబం. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెబుతున్నాను. దేవరకొండ చెల్లికీ, సార్‌కూ కలిపే రాస్తున్నా. కాస్త పొడుగైనా చదవండి.

సిద్ధాంతం ఫ్రాన్స్‌లో పుట్టిందన్నారు సార్. నేను మొదట చూసింది మా ఇంటి అర్రలో. పోచంపల్లి రకం చీర నేయాలంటే మగ్గం ఎక్కే ముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒక మేకు ఉంటుంది, ఎదురుగా వంపు తిరిగిన చట్రం మీద వరుసగా మేకులు ఉంటాయి. దారాన్ని ఆ మేకు నుంచి ఈ మేకుకు, మళ్లీ ఈ మేకు నుంచి ఆ మేకుకు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేల సార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. గంటల తరబడి చేసే ఆ పనిలో వరుస తప్పితే డిజైనే చెడిపోతుంది. మా అమ్మ పొద్దున పొయ్యి పని కాగానే దాని ముందు కూర్చునేది. రాత్రి పడుకునేటప్పుడు "రెక్క గుంజుతున్నది బిడ్డా" అని వేడి ఇసుక మూట భుజానికి పెట్టించుకునేది. చేనేత సొసైటీ పుస్తకంలో పేరు నాన్నది. చీరకు ఇంత అని మజూరీ నాన్న చేతికే వచ్చేది. అమ్మ ఏం చేస్తదని ఊళ్లో ఎవరిని అడిగినా "ఇంట్లనే ఉంటది" అనేవాళ్లు.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఎందరో తల్లుల రెక్కలు నిలబెట్టిన మనిషి, ఆయనకు చేతులెత్తి మొక్కుతా. అయినా యంత్రం తేల్చని సంగతి ఒకటుంది. చీర ఒక్కటే అయినప్పుడు మగ్గం మీది పనికి మజూరీ, ఆసు దగ్గరి పనికి "ఇంటి సాయం" అనే పేరు ఎందుకొచ్చాయి? సొసైటీలో సభ్యత్వం ఎవరికి, చేనేత పింఛను అడిగే హక్కు ఎవరికి అన్నవి కూడా ఆ పేరు మీదే ఆధారపడతాయి. ఇలాంటి ప్రశ్న వేసి, దాన్ని పట్టుకుని లెక్కల దాకా, రికార్డుల దాకా పోవడం నేర్పేదే ఈ చదువు.

చట్టాలు మార్చాయన్న మాట నిజం. కానీ అవి వాటంతట అవి రాలేదు. 1978లో హైదరాబాద్‌లో పోలీసుల చేతిలో రమీజాబీకి జరిగిన ఘోరం, ఆమె భర్త మరణం ఊరిని అట్టుడికించాయి. మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ పిల్ల మథుర కేసు మీద దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కారు. ఆ తర్వాతే 1983లో అత్యాచార చట్టం మారింది. ఆ పోరాటాల్లో కాలేజీ ఆడపిల్లలు, లెక్చరర్లు ముందున్నారు. 1974లో కేంద్రానికి అందిన స్త్రీల స్థితిగతుల నివేదిక చూసి ఉలిక్కిపడ్డ అధ్యాపకులే మన దేశంలో ఈ సబ్జెక్టును యూనివర్సిటీల్లోకి తెచ్చారు. అంటే చట్టమూ, చదువూ ఒకదాన్నొకటి లాక్కుంటూ వచ్చాయి.

చట్టం ఉన్నా తెలియకపోతే ఏమవుతుందో కూడా చెబుతా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా. ఆనాటికి పెళ్లయిపోయిన కూతుళ్లకు మాత్రం లేదు. దేశమంతటికీ ఈ హక్కు వచ్చింది 2005లో. ఈ పాఠం చెప్పినప్పుడల్లా నా క్లాసు పిల్లలను ఇంటికి పోయి ఒక్క మాట కనుక్కోమంటా: మీ మేనత్త పెళ్లి ఏ సంవత్సరంలో అయింది, భూమి పంచినప్పుడు ఆమెను పిలిచారా? మర్నాడు క్లాసులో జరిగే చర్చ ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇక ఉద్యోగం సంగతి. గ్రూప్-2 రెండో పేపర్ సిలబస్ తీసి చూడు చెల్లీ. సామాజిక నిర్మాణం, సమస్యలు, ప్రభుత్వ విధానాలు అనే భాగంలో స్త్రీలపై హింస, ట్రాన్స్‌జెండర్ల సమస్యలు ఉన్నాయి. తెలంగాణ సమస్యల కింద వెట్టి, జోగిని, ఆడపిల్ల, ఫ్లోరోసిస్, వలస అని వరుసగా ఉన్నాయి. చదివితే అందులో సగం మన రెండు జిల్లాల చరిత్రే. నాన్నకు ఆ పేజీ చూపించు.

మక్తల్ రీసెర్చ్ స్కాలర్

అక్క మాటతో నాకు చాలావరకు ఏకీభావమే, కానీ ఒక కోపం ఉంది, చెప్పి తీరాలి. నేను డిగ్రీలో విన్న జెండర్ పాఠమంతా వంటింట్లోంచి ఆడవాళ్లు బయటికి రావాలని. మా అమ్మ ఎన్నడు వంటింట్లో ఉంది కనక? చీకటితో లేచి నాట్లకు పోయేది. కరువు వస్తే మమ్మల్ని అవ్వ దగ్గర వదిలి బొంబాయిలో బిల్డింగుల పనికి పోయేది. బయట పని ఆమెకు విముక్తి కాలేదు. మా వైపు ఊట్కూరు, నారాయణపేట ప్రాంతాల్లో దళిత ఆడపిల్లలను దేవుడి పేరు చెప్పి జోగినులుగా ఊరికి వదిలిన చరిత్ర ఉంది. 1988లో దానికి వ్యతిరేకంగా చట్టం వచ్చింది, అయినా ఆ తల్లుల పిల్లలు ఫారాల్లో తండ్రి పేరు గడి దగ్గర ఆగిపోవడం నేను చూశాను. మా క్లాసులో జోగిని వ్యవస్థకు దక్కింది ఒక్క పేరా, అది కూడా "మూఢాచారాలు" అనే హెడ్డింగ్ కింద. కులం తీసేసి ఆడతనం ఒక్కటే చెప్పే చదువైతే మా పిల్లలకు అది పరాయిదే. దాన్ని తప్పనిసరి చేసినా, చేయకపోయినా ఒకటే.

మిర్యాలగూడ సార్

మక్తల్ అమ్మాయి చెప్పింది విలువైన మాట. గ్రూప్-2 సిలబస్ నాకు కంఠతా వచ్చమ్మా, రోజూ చెప్పేది అదే. అందులో ఈ అంశాలకు వచ్చే బిట్లు కొన్ని. వాటికి ఒక నెల చాలు, డిగ్రీ ప్రాజెక్టు, పీజీ అక్కర్లేదు. నా అసలు ప్రశ్న ఇంకోటి. రేపు ప్రతి కాలేజీలో తప్పనిసరి అంటే చెప్పేదెవరు? రెగ్యులర్ లెక్చరర్ పోస్టులే ఖాళీగా ఉంటున్నాయి. గెస్టు లెక్చరర్లకు జీతం ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇష్టం లేనివాడికి ఈ సబ్జెక్టు అప్పగిస్తే క్లాసులో కూర్చున్న ఆడపిల్లలనే నలుగురిలో చులకన చేసే ప్రమాదం ఉంది. అలా జరిగిన క్లాసుల గురించి నా పాత విద్యార్థినులే వచ్చి నాకు చెప్పుకున్నారు. చెప్పగలిగేవాళ్లు ఉన్నచోట పెట్టండి, లేనిచోట వద్దు. నా మాట ఇదే.

ఆలేరు అక్క

చెప్పేవాళ్లు లేకుండా పెట్టొద్దన్న మాట నేనూ గట్టిగా అంటా సార్. కానీ ఆ పేరుతో అసలే పెట్టకపోతే చెప్పేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? ఇవాళ దేవరకొండ చెల్లిని చదవనిస్తేనే రేపు మిర్యాలగూడలో చెప్పేవాళ్లు దొరుకుతారు. బిట్లకు నెల చాలంటే చాలొచ్చు. రేపు ఎంపీడీఓ అయ్యాక జోగిని బిడ్డ ఫారం పట్టుకుని ఎదురుగా నిలబడితే ఏం చేయాలో ఆ నెలలో రాదు.

మక్తల్ చెల్లీ, నీ కోపం ఈ సబ్జెక్టుకు బయటిది కాదు, దాని లోపల జరిగిన పెద్ద తగాదానే అది. అమెరికాలో 1976లో జనరల్ మోటార్స్ మీద నల్లజాతి స్త్రీలు వేసిన కేసు కోర్టులో వీగిపోయింది. ఆ కంపెనీ 1964కు ముందు నల్లజాతి ఆడవాళ్లను పనిలోకే తీసుకోలేదు. తర్వాత చేరినవాళ్లు, సీనియారిటీ లెక్కన మనుషులను తీసేసినప్పుడు అందరికంటే ముందు పోయారు. కోర్టు ఏమంది? తెల్ల ఆడవాళ్లకు ఉద్యోగాలున్నాయి కాబట్టి ఆడవాళ్ల మీద వివక్ష లేదంది. జాతి వివక్షనూ, స్త్రీ వివక్షనూ కలిపి ఒకే కేసుగా చూడనంది. జాతి వివక్ష, స్త్రీ వివక్ష ఒకే మనిషి మీద కలిసి పడతాయని చెప్పే "ఇంటర్‌సెక్షనాలిటీ" సిద్ధాంతాన్ని అమెరికా న్యాయ అధ్యాపకురాలు కింబర్లే క్రెన్‌షా 1989లో కట్టింది ఇలాంటి తీర్పుల మీదే. నువ్వు చెప్పిన ఫారం గడి దగ్గర ఆగిన పిల్లను దళిత సమస్య కింద ఒకరు, స్త్రీ సమస్య కింద ఇంకొకరు పక్కకు నెడతారు. అమెరికా నుంచి వచ్చిందని ఆ సిద్ధాంతాన్ని వదిలేస్తే నష్టం మనకే.

నల్గొండ గడ్డ మీద ఈ చదువుకు పునాది ఎప్పుడో పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను స్త్రీ శక్తి సంఘటన అనే హైదరాబాద్ మహిళా సంఘం కలిసి, వాళ్ల మాటల్లోనే 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వేసింది. మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టిన సంగతి అందరికీ తెలుసు. పోరాటం ఆగాక ఆడవాళ్లను ఇక ఇళ్లకు పొమ్మన్నప్పుడు వాళ్లకు ఎలా అనిపించిందో తెలిసింది మాత్రం, ఎవరో వెళ్లి కూర్చుని అడిగి రాసుకున్నందుకే. డిగ్రీ పిల్ల ఒక ఫోన్ రికార్డర్‌తో ఇవాళ కూడా చేయగల పని అది.

దేవరకొండ బీఏ

అందరికీ థ్యాంక్స్. అక్కా, మేనత్త సంగతి మా నానమ్మను అడిగాను. అత్త పెళ్లి 1988లో అయిందట. తాత భూమి ఆ తర్వాత ముగ్గురు కొడుకులకు పంచారు. అత్తను పిలవలేదు. "కట్నమిచ్చినం గదా" అంది నానమ్మ. ప్రాజెక్టు దీని మీదే చేస్తా: మా ఊళ్లో 1985 తర్వాత పెళ్లయిన ఆడవాళ్లు, భూమి పంపకాలు. సార్ అన్నట్టు ఇంగ్లీషు, కంప్యూటర్ కూడా వదలను. కానీ రికార్డులు ఎక్కడ చూడాలో, ఏం అడగాలో తెలియడం లేదు.

ఆలేరు అక్క

ముందు ఒక్కో భూమి తాతకు ఆయన తండ్రి నుంచి వచ్చిందా, ఆయనే కొన్నదా అని విడదీసి రాసుకో. సొంతంగా కొన్నదైతే లెక్క వేరే ఉంటుంది, రెండూ కలిపితే నీ ప్రాజెక్టు మొత్తం తప్పుతుంది. తండాల్లో అడిగేటప్పుడు ఇంకో సంగతి గుర్తుపెట్టుకో, షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు. పాత పహాణీల (ఏ భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డుల) కోసం తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టు. చట్టంలో అనుమానాలుంటే నల్గొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లు, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా సలహా ఇస్తారు. మీ అత్తను ఒప్పించి వెంట తీసుకుపో. ఆమె అడగాలో, వద్దో ఆమే తేల్చుకోవాలి. ప్రాజెక్టులో ఆమె పేరు వేసే ముందు కూడా ఆమెనే అడుగు.