బెల్టు బండికి మోటారు: ఒక సైజు పెద్దది వేయాలా, లెక్క కట్టి వేయాలా?

ప్యాకింగ్ షెడ్డు: మామిడి తాండ్ర పెట్టెను కన్వేయర్ మీది నుంచి తీసి పక్క బల్ల మీద పెట్టే బండి కట్టుకున్నాం. పెట్టెతో కలిపి కదిలే బరువు 12 కిలోలు. అడ్డంగా 1.2 మీటర్లు పోవాలి. వేగం సెకనుకు 1 మీటరు, దాన్ని 0.2 సెకనులో అందుకోవాలి. 5 మి.మీ. పిచ్ (పంటికీ పంటికీ దూరం) టైమింగ్ బెల్టు, 20 పళ్ల పుల్లీ, 24 వోల్టుల మీద 2 న్యూటన్ మీటర్ల స్టెప్పర్ (మెట్టు మెట్టుగా తిరిగే మోటారు). రోజుకు నాలుగైదు సార్లు పూర్తి వేగం అందుకునే చోట గుర్రుమని ఆగిపోతోంది. మోటారు అమ్మినవారు రెట్టింపు టార్క్ (తిప్పే బలం) ఉన్నది వేయమంటున్నారు. తమ్ముడు సర్వో (తన స్థానాన్ని తానే కొలుచుకుంటూ తిరిగే మోటారు) కావాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాత ఫిట్టర్: ఒక సైజు పెద్దది వేయండి, పని అయిపోతుంది. కాగితం మీద లెక్కకు దుమ్ము తెలియదు, పట్టాల వంకర తెలియదు, బెల్టు ఎంత బిగించారో తెలియదు. నా చేతుల మీదుగా వెళ్లిన యంత్రాల్లో చిన్న మోటారుతో ఆగినవే ఎక్కువ.

లెక్క కట్టేవాడు: ఫిట్టర్ గారూ, దేన్ని రెట్టింపు చేయాలో తెలియకుండా పెద్దది కొంటే డబ్బే పోతుంది. 0.2 సెకనులో 1 మీటరు వేగం అంటే, వేగం ప్రతి సెకనుకూ 5 మీటర్ల చొప్పున పెరగాలి. 12 కిలోలకు ఆ త్వరణం ఇవ్వడానికి 60 న్యూటన్లు కావాలి. రాపిడికి 15 వేసుకుందాం, మొత్తం 75. పుల్లీ చుట్టుకొలత 100 మి.మీ., వ్యాసార్ధం 15.9 మి.మీ. అంటే కావలసిన టార్క్ 1.2 న్యూటన్ మీటర్లు. 2 ఉంది కదా, ఎందుకు ఆగింది? ఆ 2 మోటారు నిలబడి ఉన్నప్పటి పట్టు. మీ బండి నిమిషానికి 600 చుట్ల దగ్గర నడుస్తోంది. ఆ వేగంలో 24 వోల్టులతో చుట్టలోకి కరెంటు పూర్తిగా ఎక్కదు, టార్క్ పడిపోతుంది. పెద్ద స్టెప్పర్ చుట్టలో కరెంటు ఇంకా నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి దానితోనూ ఇదే కథ జరగవచ్చు. వోల్టులు పెంచితే కొంత నయం.

ఇక సర్వో. 1.4 సెకన్లు కదిలి 0.6 సెకను ఆగితే, మొత్తం 2 సెకన్లకు సగటు (ఆర్‌ఎంఎస్) టార్క్ 0.47 మాత్రమే. 200 వాట్లది చాలు. కానీ 12ను పుల్లీ వ్యాసార్ధం 1.59 సెం.మీ. వర్గంతో గుణిస్తే, మోటారుకు తగిలే బండి జడత్వం (వేగం మార్పుకు ఎదురు నిలిచే గుణం) 30 కిలో చదరపు సెం.మీ. ఆ మోటారు లోపల తిరిగే రోటరుది 0.2 చుట్టుపక్కల ఉంటుంది. నూట యాభై రెట్లు! 400 వాట్లది వేసినా దాదాపు వంద రెట్లే. మధ్యలో 3:1 బెల్టు తగ్గింపు (మోటారు మూడు చుట్లకు బండి పుల్లీ ఒక్క చుట్టు) పెట్టండి. జడత్వం 9వ వంతుకు దిగుతుంది, మోటారు 1800 చుట్ల దగ్గర హాయిగా తిరుగుతుంది.

పాత ఫిట్టర్: బండి జడత్వం రోటరుదానికి పది రెట్లు దాటకూడదన్న మాట శాసనమేమీ కాదు. ఇప్పటి డ్రైవులు (మోటారును నడిపే కంట్రోల్ పెట్టెలు) తమంతట తామే సర్దుకుంటున్నాయి. ఇంకో బెల్టు, ఇంకో రెండు పుల్లీలు పెడితే చెడిపోయేవి ఇంకో మూడు చేరినట్టే.

లెక్క కట్టేవాడు: శాసనం కాదు, ఒప్పుకుంటాను. 3:1తో కూడా పదిహేడు రెట్ల దగ్గరే ఉంటుంది, అయినా నేను వేస్తాను. నూట యాభైకి మాత్రం సాహసించను. ఇంత పొడవు బెల్టు స్ప్రింగులా సాగుతుంది. బండి ఆగాక ఊగుతుంది, ఊగు తగ్గేదాకా పెట్టెను వదలలేరు. ఉన్న 0.6 సెకను అక్కడే కరిగిపోతుంది.

ప్యాకింగ్ షెడ్డు గారూ, ముందు ఒక పని చేయండి. కరెంటు తీసేసి, మోటారు వైపు బెల్టు విప్పి, స్ప్రింగ్ త్రాసు కొక్కేన్ని బండికి తగిలించి మెల్లగా లాగండి. ముల్లు ఎక్కడెక్కడ ఎంత చూపిస్తుందో రాయండి.

ప్యాకింగ్ షెడ్డు: లాగాను. ముప్పావు దూరం వరకు కిలోన్నర. బల్ల వైపు చివరి జానెడులో ముల్లు నాలుగుకు ఎగిరింది! పట్టాల మధ్య దూరం కొలిస్తే అక్కడ అర మిల్లీమీటరు తక్కువ.

పాత ఫిట్టర్: నేను చెప్పిన వంకర అదే. ముందు ఆ చివర బోల్టులు వదులు చేసి, బండిని అక్కడికే తోసి, మళ్లీ బిగించండి. మోటారు సంగతి తర్వాత.

లెక్క కట్టేవాడు: నిజమే, ముందు పట్టాలు. కానీ తిరుగు ప్రయాణంలో బండి వేగం అందుకోవలసింది సరిగ్గా ఆ జానెడులోనే. 15 అనుకున్న రాపిడి అక్కడ 40 అయింది. కావలసిన టార్క్ 1.6కు చేరింది. పట్టాలు సరిచేశాక మళ్లీ కొలిచి అంకెలు ఇక్కడ పెట్టండి, అంతవరకు ఏ మోటారూ కొనకండి.

ప్యాకింగ్ షెడ్డు: సరిచేశాను. చివరిదాకా కిలోన్నరే. అదే స్టెప్పర్‌తో నిన్నంతా ఒక్కసారే ఆగింది, అదీ పూర్తి వేగం దగ్గరే. 3:1 తగ్గింపుతో 200 వాట్ల సర్వోకు ధర అడిగాను. ఫిట్టర్ గారూ, రెండో బెల్టు బిగింపు ఎంత ఉంచాలో మీరే చెప్పాలి.