శ్రీకాళహస్తికి వచ్చే భక్తుల డబ్బు ఊరిలో ఎంతవరకు నిలుస్తోంది?

ప్రశ్న – అర్థశాస్త్ర విద్యార్థిని

ఎం.ఏ. ప్రాజెక్టు కోసం శ్రీకాళహస్తి ఆర్థిక జీవనాన్ని అధ్యయనం చేస్తున్నాను. రాహుకేతు పూజల కోసం ఏడాది పొడవునా, ఆది, మంగళవారాల్లో మరీ ఎక్కువగా, దక్షిణాది రాష్ట్రాలన్నిటి నుంచీ జనం వస్తారు. గ్రహణం నాడు ఇతర ఆలయాలు తలుపులు మూసుకున్నా ఇక్కడ మాత్రం పూజలు జరుగుతూనే ఉంటాయి. అయినా మాడ వీధులు దాటి నాలుగు సందులు లోపలికి వెళితే ఆ సందడి జాడే కనిపించదు. చదువుకున్న పిల్లలు పని కోసం తిరుపతికో చెన్నైకో వెళ్లిపోతున్నారు. భక్తులు ఖర్చుపెట్టే డబ్బు ఊరివారి చేతికి అందకుండా ఎటు పోతోందో తెలిసినవారు వివరించగలరా?

సమాధానం – సన్నిధి వీధి వ్యాపారి

అమ్మా, మీరు ముందుగా గమనించవలసింది భక్తుడు ఊళ్లో గడిపే సమయం. తిరుపతి నలభై కిలోమీటర్లు కూడా లేదు కాబట్టి బస అక్కడే, భోజనం కూడా చాలావరకు అక్కడే. పైగా రాహుకేతు పూజ చేయించుకున్నవారు మరో గుడికి వెళ్లకుండా నేరుగా సొంత ఇంటికి చేరాలన్న నమ్మకం బలంగా ఉండటం వల్ల, యాత్రలో మా ఊరు చివరి మజిలీ అవుతుంది. పూజ ముగిసి ప్రసాదం చేతికి రాగానే కారెక్కేస్తారు. ఈ పూజకు శ్రేష్ఠమని చాలామంది నమ్మే రాహుకాలం ఆదివారం సాయంత్రం 4.30 నుంచి 6 వరకు, మంగళవారం 3 నుంచి 4.30 వరకు ఉంటుంది. పూలమ్మే ఆమె దగ్గర నుంచి ఆటో నడిపే అబ్బాయి వరకు ఆ రోజుల గిరాకీ అంతా ఆ గడియల చుట్టూనే తిరుగుతుంది.

నాగపడగలతో సహా పూజాసామగ్రిని దేవస్థానమే టికెట్టుతోపాటు ఇస్తుంది, పూజ అయ్యాక ఆ పడగలు హుండీలోకి చేరతాయి. భక్తుడు మోసపోకుండా చూసే మంచి ఏర్పాటే ఇది, నేను కాదనను. కానీ బయటి దుకాణానికి మిగిలేది కొబ్బరికాయ, పూలు, పిల్లలకొక బొమ్మ, ఒక కాఫీ. దేవస్థానం దుకాణాన్ని వేలం పాటలో దక్కించుకోవాలంటే పోటీ పడాలి. పాట పెరిగినకొద్దీ ఆ భారం కొబ్బరికాయ ధర మీద పడుతుంది, ఆ ధర చూసి భక్తుడు దుకాణదారుణ్ణే తిట్టుకుంటాడు.

సమాధానం – కలంకారీ పనివారి ఇంటి ఆడపడుచు

వ్యాపారి గారు చెప్పిన ఆ హడావుడి మా పనికి ఇంకా పెద్ద దెబ్బ. గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే మా ఊరి కలంకారీ పుట్టి పెరిగింది దేవాలయ వస్త్రాలతోనే. రామాయణ, భారత కథలు రాసిన తెరలు గుళ్లలో కట్టేవారు. ఆదరణ తగ్గిపోయిన కాలంలో హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది, 2008లో ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ కూడా దక్కింది. అయితే ఈ రోజు మా కొనుగోలుదారులు హైదరాబాదు, బెంగళూరు, ఢిల్లీ ప్రదర్శనల్లో ఉన్నారు తప్ప గుడి ముందు లేరు.

కారణం పనిలోనే ఉంది. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టాలి, చింతబొగ్గుతో బొమ్మ గీసుకోవాలి, ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో వెదురు కలం పట్టి గీతలు దిద్దాలి, ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఆగి, ఉతికి, ఉడకబెట్టాలి. పటిక పూసిన గుడ్డను పారే నీటిలోనే జాడించాలి. నిలవ నీటిలో ముంచితే పటిక పక్కలకు పాకి, ఉడికించినప్పుడు ఎరుపు మరకలు పడతాయి. స్వర్ణముఖి నది ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటగానే ఉంటుంది కనుక బోర్లున్న చోటికి గుడ్డలు మోసుకుపోయి నీటికి డబ్బు కట్టే రోజులు వచ్చాయి. ఇన్ని రోజుల శ్రమను ధరలో చూపితే, బస్సు కదిలిపోతుందన్న తొందరలో ఉన్న భక్తుడు పక్కనే ఉన్న స్క్రీన్ ప్రింటు చీర తీసుకుంటాడు. దాన్ని కలంకారీ అని అమ్మేవారి మీద నాకు కోపమే, దాచుకోను.

సమాధానం – పదవీ విరమణ చేసిన దేవాదాయ శాఖ ఉద్యోగి

హుండీ, టికెట్ల రాబడిని ఊరి రాబడిగా లెక్కించకండి. 1987 నాటి 30వ చట్టం, అంటే దేవాదాయ చట్టం ప్రకారం దేవస్థానం తన ఆదాయంలో కొంత శాఖాపరమైన నిధికి, కొంత సర్వశ్రేయో నిధికి జమ చేయాలి. ఆదాయం లేని పల్లె గుళ్లలో దీపం వెలగడానికి ఆ నిధి ఎంతో అవసరం కాబట్టి నేను దాన్ని సమర్థిస్తాను. అయితే పండుగ రోజు చెత్త ఎత్తడం, మురుగు కాలువలు, తాగునీరు పురపాలక సంఘం మీద పడతాయి, దాని రాబడి మాత్రం ఊరివారి పన్నుల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. క్షేత్రాల్లో ఇంకో చిక్కు భూమిది: దేవుడి మాన్యంగా రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో పడిన స్థలానికి రిజిస్ట్రేషన్ జరగదు, బ్యాంకు అప్పు ఇవ్వదు.

సమాధానం – ఏర్పేడు నివాసి

నెలజీతం కావలసినవారికి దారి గుడి వైపు లేదు. రాచగున్నేరి పైపుల కర్మాగారం, ఏర్పేడు దగ్గర వచ్చిన ఐఐటీ, ఐసర్ (కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థ)లను కూడా మీ అధ్యయనంలో చేర్చండి. గుడితో సంబంధం లేకుండా ఈ ప్రాంతంలో అద్దెలను, హోటళ్లను నడిపిస్తున్నవి అవే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, దేవస్థానం ఆవరణలో కలంకారీకి ఒక చోటు కేటాయిస్తే మేలు జరుగుతుందా?

సమాధానం – కలంకారీ పనివారి ఇంటి ఆడపడుచు

చోటు ఒక్కటే చాలదమ్మా. దాన్ని కూడా పాటకు పెడితే మాలాంటివారు పోటీ పడలేరు, ప్రింటు చీరలే అక్కడికీ వస్తాయి. పనివారి సంఘానికి నామమాత్రపు అద్దెకు ఇచ్చి, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న చేతిపని మాత్రమే అమ్మాలని షరతు పెట్టాలి. పూజ టికెట్టు తీసుకుని తమ వంతు కోసం కూర్చున్నవారి ఎదుటే ఒకరు కలం పట్టి గీస్తూ ఉంటే మరీ మంచిది, ఎందుకంటే భక్తుడికి ఈ ఊళ్లో కాస్త తీరిక దొరికేది అప్పుడే.