ఉప్పు వర్తకుల కాంటోనీస్ సీరియల్: కాగితాల కట్ట ఏమిటి, కోడలు మామగారిని "మాస్టర్" అంటుందేమిటి?

ప్రశ్న

అందరికీ నమస్కారమండీ. రాత్రి భోజనాలయ్యాక నేనూ మా అత్తగారూ హాంకాంగ్ వాళ్ళ కాంటోనీస్ సీరియల్ ఒకటి చూస్తున్నాం. పాతకాలం కథ. ఉప్పు వ్యాపారం చేసే ఇంటి అమ్మాయికీ, ఆ ఊరికి కొత్తగా వచ్చిన జిల్లా అధికారికీ ప్రేమ. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. సబ్‌టైటిల్స్ చదివి నేనే తెలుగులో చెబుతుంటాను. మూడు చోట్ల మాత్రం తడబడుతున్నాను.

ఇంట్లో వెండి దొంగలెత్తుకుపోయినా చలించని ఆ అమ్మాయి తండ్రి, ఇనప్పెట్టెలోంచి పాత కాగితాల కట్ట తీసి చూసుకుని వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఏమిటా కాగితాలు?

ఆ ఇంటి కొత్త కోడలు మామగారితో మాట్లాడినప్పుడల్లా "మాస్టర్" అని పడుతోంది. "ఇంతకీ ఆ పిల్ల కోడలా, పనిమనిషా?" అని మా అత్తగారు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇక ఆ అధికారి. పిల్లంటే ఇష్టమే, పెద్దల అడ్డూ లేదు. అయినా పెళ్ళి మాటెత్తితే అతని మొహం పాలిపోతుంది. ఎందుకో తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

జవాబు

అమ్మా, మీ అత్తగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను, చాలా మంచి ప్రశ్న. ఉద్యోగరీత్యా హాంకాంగ్‌లో తొమ్మిదేళ్ళున్నాను. ఈ తికమక నేనూ పడ్డాను.

కాంటోనీస్‌లో పనివాళ్ళు యజమానిని పిలిచేదీ, కోడలు మామగారిని పిలిచేదీ ఒకే మాట: "లోయే". అత్తగారేమో "నాయ్‌నాయ్". సబ్‌టైటిల్ రాసేవాళ్ళు లోయే వినబడగానే మాస్టర్ అని వేసేస్తారు. కాబట్టి ఎవరి నోట వచ్చిందో చూసుకోండి. వంటవాడు అంటే "అయ్యగారూ", కోడలు అంటే "మామగారూ". అదే సీరియల్ మాండరిన్ డబ్బింగ్‌లో చూస్తే ఇంకో చిక్కుంది. మాండరిన్‌లో నాయ్‌నాయ్ అంటే నాయనమ్మ. వీలైనంతవరకు కాంటోనీస్ ఆడియోతోనే చూడండి, వరసలు చెవికే తెలిసిపోతాయి.

ఇప్పుడు కాగితాలు. ముందు మగవాళ్ళ తల చూడండి. నుదుటి పైభాగం గొరిగి వెనక జడ ఉందా? ఉంటే చింగ్ రాజుల కాలం. ఆ జడ 1645లో వచ్చిన రాజాజ్ఞ. అది తేలితే ఉప్పు కథ సగం తేలినట్టే.

చైనాలో ఉప్పు ఎవరు పడితే వాళ్ళు అమ్మే సరుకు కాదు. క్రీస్తుపూర్వం హాన్ చక్రవర్తి వూ కాలం నుంచే ప్రభుత్వం దాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. 1617లో మింగ్ ప్రభుత్వం కొందరు వర్తకుల పేర్లు పట్టీలోకి ఎక్కించి, హక్కు వాళ్ళకే, తండ్రి తర్వాత కొడుక్కే అని ఖాయం చేసింది. చింగ్ వాళ్ళు దాన్నే కొనసాగించారు. ఆ హక్కు కింద వచ్చే పత్రాన్ని మాండరిన్‌లో "యిన్" అంటారు, కాంటోనీస్‌లో "యన్". ఉప్పు "యిమ్". సీరియల్‌లో "యిమ్ యన్" అని వినబడితే అదే. ఒక్కో పత్రం మీద మూడు వందల పైచిలుకు జిన్‌ల ఉప్పు, జిన్ అంటే మన లెక్కలో ఆరు వందల గ్రాములకి కాస్త అటూ ఇటూ. ఏ కొఠారు నుంచి ఎత్తాలో, ఏ ప్రాంతంలో అమ్మాలో నిర్ణయమై ఉండేది. ఉప్పూ పత్రమూ కలిసే ప్రయాణం చేయాలి. పత్రం లేని ఉప్పు దొంగ ఉప్పు. పట్టుబడితే నూరు కర్ర దెబ్బలు, మూడేళ్ళ కఠిన శిక్ష. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళ మీద తిరగబడితే తల తీసేవారు.

అంటే ఆ పత్రాలు ఆ ఇంటికి మాగాణి పొలంలాంటివి. వెండి పోతే మళ్ళీ సంపాదించుకుంటారు, హక్కు పోతే మనవల దాకా అంతా పోయినట్టే.

ఒక్కటి చెప్పండి. కథ ఏ ఊళ్ళో జరుగుతోంది? ఎవరైనా "పియూ" అనే మాట పదేపదే అంటున్నారా?

ప్రశ్న అడిగినవారు

జడలే ఉన్నాయండీ! ఊరు సబ్‌టైటిల్‌లో యాంగ్‌జౌ అని పడింది. నిన్నటి భాగం మళ్ళీ పెట్టి విన్నాను. తండ్రి ఏడవడానికి ముందు గుమాస్తా పరుగెత్తుకొచ్చి చెప్పే మాటలో "పియూ" రెండుసార్లు వచ్చింది. దానికి "టికెట్" అని వేశారు. నేను పడవ టికెట్ అనుకుని అత్తగారికి అలాగే చెప్పేశాను.

జవాబు

అదే నేను అనుకున్నది. ఈసారి మీ అత్తగారికి ఇలా చెప్పండి.

యాంగ్‌జౌ అంటే ల్యాంగ్‌హువాయ్ ఉప్పు మండలానికి గుండెకాయ. చైనాలో అన్నిటికంటే పెద్ద ఉప్పు మండలం అది. అక్కడి వర్తకులు కట్టిన తోటలు ఇప్పటికీ చూడొచ్చు. గె యువాన్ తోటని 1818లో కట్టించింది ఉప్పు వర్తకుల పెద్దే. అంత వైభవం వెనక బాకీలూ, లంచాలూ, దొంగ ఉప్పు పోటీ పేరుకుపోయాయి. 1832లో తావ్ షూ అనే అధికారి హువాయ్ నదికి ఉత్తరాన వంశపారంపర్య హక్కు తీసేసి, పన్ను కట్టిన ఎవరికైనా "టికెట్" ఇచ్చే పద్ధతి పెట్టాడు. మాండరిన్‌లో "ప్యావ్", కాంటోనీస్‌లో "పియూ". దక్షిణాన, అంటే ఈ యాంగ్‌జౌ వర్తకుల భాగంలో, అది 1850లో వచ్చింది.

కాబట్టి గుమాస్తా తెచ్చిన కబురు టికెట్ పద్ధతి వచ్చిందని. పెట్టెలో ఉన్నవి తాత ముత్తాతల నాటి పత్రాలు, ఆ పూట నుంచి చిత్తు కాగితాలు. ఆయన ఏడ్చింది అందుకు. తర్వాతి భాగాల్లో ఊరు తగలబడినా ఆశ్చర్యపోకండి. 1853లో తైపింగ్ తిరుగుబాటు సేన యాంగ్‌జౌని పట్టుకుంది.

అధికారి భయానికి కారణం చట్టం. జిల్లా అధికారి పదవిలో ఉండగా తన ఏలుబడిలోని ఇంటి పిల్లని చేసుకోకూడదు. చేసుకుంటే ఎనభై కర్ర దెబ్బలు, పెళ్ళి రద్దు. అధికారి తన అధికారం ఉపయోగించి పిల్లని లాక్కోకుండా, వియ్యం పేరుతో ఇంటివాళ్ళు అతన్ని కొనేయకుండా పెట్టిన కట్టుబాటు. ఉప్పు ఊళ్ళో రెండో భయం ఇంకా ఎక్కువ. అతనికి బదిలీ ఉత్తర్వు వచ్చే భాగం కోసం చూడండి, దారి అక్కడే తెరుచుకోవచ్చు.

ఇంకొకరు

అక్కా, మాది నౌపడ దగ్గర. మా నాన్న ఉప్పు మళ్ళలో పనిచేశారు, అందుకే ఈ చర్చ వదలకుండా చదివాను. ఆ సీరియల్ నేనూ చూస్తున్నాను. నాకు నచ్చిన సీను ఎవరూ చెప్పలేదు. ఊరి గేటు దగ్గర ఒక ముసలమ్మ బుట్టలో ఉప్పు మోసుకొస్తుంది. కాపలావాడు మూత తీసి, పైన కప్పిన ఆకు పక్కకి జరిపి చూసి, మళ్ళీ ఆకు సర్ది పొమ్మంటాడు. జాలిపడి వదిలేశాడని అనుకుంటాం. జాలి ఉండొచ్చు, చట్టమూ ఉంది. గతిలేనివాళ్ళు భుజాన మోసుకెళ్ళి ఉప్పిచ్చి బియ్యం తెచ్చుకుంటే పట్టుకోనక్కర్లేదని చింగ్ చట్టంలోనే ఉంది.

ఉప్పు తీసేవాళ్ళని మాత్రం ఎక్కువ చూపించలేదు, నాకు అదే బాధ. మాది ఎండ ఉప్పు. అక్కడ దక్షిణ హువాయ్‌లో రెల్లు మంట పెట్టి ఇనుప పెనాల్లో ఉప్పునీళ్ళు కాచేవారు. అందుకే వాళ్ళకి "పొయ్యి ఇళ్ళవాళ్ళు" అని పేరు, ఆ పని వదిలి పోయే వీలు లేదు. మా నాన్న అరికాళ్ళు ఎండాకాలం అంతా పగిలి ఉండేవి. రాత్రి ఆముదం రాసి గుడ్డ కట్టేది అమ్మ. ఆ పొయ్యి దగ్గర మనుషుల చేతులు ఎలా ఉండేవో అని ఆలోచిస్తూ చూశాను.

ఇంకో సంగతి. మన దేశంలో బ్రిటిష్ వాళ్ళ ఉప్పు, ఎక్సైజు శాఖకి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా చేసిన రిచర్డ్ డేన్‌నే 1913లో చైనా ఉప్పు పన్ను శాఖని సరిదిద్దడానికి పిలిపించుకున్నారు.

ప్రశ్న అడిగినవారు

తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి మా అత్తగారికి చదివి వినిపించాను. ఇవాళ పెట్టె సీను మొదటి నుంచి మళ్ళీ పెట్టమన్నారు. "లోయే" వినబడిన ప్రతిసారీ నాకంటే ముందే "మామగారూ" అనేశారు. తండ్రి కట్ట విప్పి, మడత నలిగిన కాగితాన్ని అరచేత్తో సాపు చేస్తుంటే, పాజ్ చేయమని, కాసేపు చూసి, "పొలం కాగితాలు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు" అన్నారు. రేపు ముసలమ్మ సీను వెతికి చూస్తాం.