జిమ్, జియు-జిట్సు రెండూ చేస్తుంటే ముందు తగ్గించాల్సింది ఏది?

నీలిబెల్టు:
వారానికి ఐదు రోజులు పొద్దున జిమ్, నాలుగు సాయంత్రాలు జియు-జిట్సు (నేల మీద పట్లతో ఆడే కుస్తీ లాంటిది). ఏడాదిగా ఇదే నడుస్తోంది. నెల రోజుల నుంచి పరిస్థితి మారింది. లేవగానే వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. కాసేపు పిసుక్కుంటే గానీ టూత్‌పేస్ట్ మూత తిప్పలేకపోతున్నాను. రాత్రి ఒళ్లు హూనమై ఉంటుంది, నిద్ర మాత్రం పట్టదు. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను నిలబడి ఎత్తడం) 120 కిలోల దగ్గర ఆగిపోయింది. మ్యాట్ మీద కొత్తవాళ్లు కూడా నా గార్డ్ (కింద ఉండి కాళ్లతో అడ్డుకునే రక్షణ) దాటేస్తున్నారు. కోచ్ జిమ్ మానెయ్యమంటున్నారు, జిమ్ ట్రైనర్ క్లాసులు తగ్గించమంటున్నారు. నాకు రెండూ ఇష్టమే. ఈ దశ దాటినవాళ్లు చెప్పండి.

పాతమ్యాట్:
మీ కోచ్ చెప్పిందే వినండి. చేతిలో బలం ఉంటే ఇరుక్కున్న ప్రతిసారీ దానితోనే నెట్టుకొస్తారు, టెక్నిక్ నేర్చుకోరు. 1882లో జూడో మొదలుపెట్టిన జిగోరో కానో కూడా ఉన్న శక్తిని వృథా చేయకుండా వాడటమే నేర్పారు. నేను పన్నెండేళ్లుగా బార్‌బెల్ ముట్టలేదు.

స్క్వాట్‌రాక్:
దీనికి ఒప్పుకోలేనండీ. ఆటల్లో దెబ్బల గురించి 2014లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, బరువులతో వ్యాయామం చేసినవాళ్లకు గాయాలు మూడో వంతు కన్నా తక్కువకు తగ్గాయి. స్ట్రెచింగ్‌తో అంత ఫలితం కనబడలేదు. మెడ, భుజం, మోకాలు తట్టుకోవాలంటే బరువులు ఎత్తాల్సిందే. క్లాసులు నాలుగు నుంచి రెండు చేసుకోండి.

థాయ్‌ప్యాడ్స్:
జిమ్ ట్రైనర్ జిమ్ ప్లాన్ ఒక్కటే చూస్తారు. కోచ్ క్లాసు ఒక్కటే చూస్తారు. రెండూ మోసేది ఒకే ఒళ్లు, ఆ మొత్తం ఎవరూ లెక్కపెట్టడం లేదు.

మూడేళ్ల కిందట నాదీ ఇదే కథ. మంగళ, గురు, శనివారాలు ముయే థాయ్ (థాయ్ కిక్‌బాక్సింగ్), మధ్య రోజుల్లో బరువులు. రోజు విడిచి రోజు కదా, బ్యాలెన్స్ చేస్తున్నాను అనుకున్నాను. నిజానికి ఆదివారం తప్ప కాళ్లకు విశ్రాంతే లేదు. స్పారింగ్‌లో (జోడీతో సాధన పోరులో) కిక్ రావడం కనిపించేది, ఆపడానికి కాలు లేచేది కాదు. ఎడమ తొడ మీద ఒకే చోట వరసగా మూడుసార్లు తగిలాక, ఆ రాత్రి మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

అప్పుడు నాకు పనికొచ్చింది కార్ల్ ఫోస్టర్ అనే క్రీడా శాస్త్రవేత్త పద్ధతి. సెషన్ అయ్యాక ఎంత కష్టంగా అనిపించిందో 0 నుంచి 10 లోపు అంకె వేసి, దాన్ని నిమిషాలతో గుణించాలి. 90 నిమిషాల గట్టి రోలింగ్‌కు (మ్యాట్ మీద జోడీతో ఆడే సాధన పోరుకు) 8 వేస్తే 720. గంట లెగ్ డేకి 7 అయితే 420. రెండు వారాలు నోట్‌బుక్‌లో రాయండి, ఎక్కడ మునుగుతున్నారో మీకే తెలుస్తుంది.

రెండో మార్పు, కష్టమైన పనులన్నీ ఒకే రోజున పెట్టడం. పొద్దున బరువులు, ఆరేడు గంటల తర్వాత స్పారింగ్. ఆ రోజు నరకమే, కాదనను. కానీ మర్నాడు నిజమైన విశ్రాంతి దొరుకుతుంది.

డెడ్‌లిఫ్ట్ ఆగిపోవడం వింతేమీ కాదు. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు కొందరితో వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు పరుగు, సైక్లింగ్ చేయించారు. ఏడు వారాల దాకా బలం పెరిగింది, తొమ్మిది, పది వారాలకు తగ్గడం మొదలైంది. మీ వారం దానికి మరీ దూరంలో లేదు. మామూలు మోతాదులో రెండూ కలిపి చేస్తే బలానికీ కండకీ నష్టం లేదని 2022 సమీక్ష ఒకటి తేల్చింది. ఒకే సెషన్‌లో కలిపేస్తే మాత్రం విసురు (ఒక్కసారిగా వేగంగా చూపే బలం) కొంత తగ్గొచ్చు.

జిమ్ తగ్గిస్తే కండ కరిగిపోతుందన్న టెన్షన్ వద్దు. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో 16 వారాలు శిక్షణ పొందిన యువకులు, తర్వాత 32 వారాలు వారానికి ఒక్క రోజే చేసినా బలం నిలుపుకున్నారు. ఎత్తే బరువు తగ్గించకండి, సెట్లు తగ్గించండి.

వేళ్ల సంగతి వేరే. డెడ్‌లిఫ్ట్, పుల్-అప్, రో, గీ (జియు-జిట్సు కోటు) గ్రిప్, అన్నిటికీ అవే వేళ్లు. వారానికి తొమ్మిదిసార్లు! బార్‌కు స్ట్రాప్స్ (మణికట్టుకు చుట్టే పట్టీలు) వాడండి, గీ క్లాసుకు ముందు రోజు పుల్లింగ్ (లాగే వ్యాయామాలు) పెట్టకండి. నెల రోజులుగా ఉందంటున్నారు కాబట్టి ముందు డాక్టర్‌కు చూపించండి.

పాతమ్యాట్:
నోట్‌బుక్ సంగతి బాగుంది. జిమ్ విషయంలో నా అభిప్రాయం అదే, కానీ ఒకటి అడుగుతాను: ప్రతి రౌండూ ఫైనల్స్‌లా ఆడుతున్నారా? నా ఇన్నేళ్లలో మ్యాట్ వదిలేసి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది అలా ఆడినవాళ్లే. నాలుగు క్లాసుల్లో రెండు మెత్తగా ఆడండి. దొరికిపోయినప్పుడు ట్యాప్ చేసి (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుని) మళ్లీ మొదలుపెట్టండి.

స్క్వాట్‌రాక్:
ఈ మాటకు మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. క్లాసులు సగం చేయమన్నాను గానీ, సగం మెత్తగా చేయడమే మేలు.

నీలిబెల్టు:
అవునండీ, ప్రతి రౌండూ గెలవాలనే ఆడుతున్నాను. రాత్రి కూర్చుని గత వారం లెక్క వేశాను. జిమ్ 2,100, మ్యాట్ 2,520, మొత్తం 4,620. ఇకపై జిమ్ మంగళ, శుక్రవారాల్లో మాత్రమే, ముప్పావు గంట చొప్పున. గట్టి రోలింగ్ కూడా ఆ రెండు సాయంత్రాలే, మిగతా రెండు క్లాసులు మెత్తగా. ఇలా చేస్తే 2,700 దగ్గరకు వస్తుంది. వేళ్లకు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఈ వారం మాత్రం రెండూ ఆపేశాను, కోచ్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.