పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌లో బాగానే తెరుచుకుంటుంది, మా మిషన్‌లో మాత్రం మొరాయిస్తోంది

పాలకోడ్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పాల సేకరణ కేంద్రాల్లో పెట్టే చిన్న మిషన్‌కి ఫర్మ్‌వేర్ రాస్తున్నాను. ఏ పూట ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత వచ్చింది, ఇదంతా రాత్రికి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాలి. బోర్డు మీద చిప్ ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్. పెన్‌డ్రైవ్‌తో మాట్లాడే యూఎస్‌బీ హోస్ట్ డ్రైవర్ నేనే రాశాను, బల్క్ ఓన్లీ స్పెక్ (పెన్‌డ్రైవ్‌లు పాటించాల్సిన నియమాల పత్రం) పక్కన పెట్టుకుని లైను లైనుకీ సరిచూసుకుంటూ.

నా టేబుల్ మీద ఉన్నవన్నీ పనిచేశాయి. కేంద్రాలకు పంపాకే గోల మొదలైంది. ఊళ్ల నుంచి తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌లు ఐదు ఇప్పుడు నా ముందున్నాయి. (నల్లదాంట్లో పాల లెక్కల కంటే డీజే పాటలే ఎక్కువ.) ఐదూ ల్యాప్‌టాప్‌లో మామూలుగా తెరుచుకుంటాయి.

మా మిషన్‌లో ఎర్రది ‘నువ్వెవరు’ అని అడిగే ఇంక్వైరీ కమాండ్ దగ్గరే బిగుసుకుపోతుంది. నేను 255 బైట్లు అడుగుతున్నాను. నల్లది 512 బైట్లూ చక్కగా ఇచ్చి, చివర సీఎస్‌డబ్ల్యూలో (కమాండ్ ఎలా ముగిసిందో చెప్పే జవాబు) రెసిడ్యూ (ఇవ్వకుండా మిగిలిన బైట్లు) కూడా 512 అంటుంది, అంటే ఏమీ ఇవ్వలేదని! స్టీలుది తను చెప్పిన కెపాసిటీ ప్రకారం ఆఖరి సెక్టార్ చదవబోతే స్టాల్ ఇస్తుంది, అంటే కుదరదని ఆగిపోతుంది. ఆ తర్వాత రీసెట్ పంపినా లేవదు, పీకి మళ్లీ పెట్టాల్సిందే. నీలంది గెట్ మ్యాక్స్ లన్‌కి (లోపలి డ్రైవ్‌లలో, అంటే లన్‌లలో, ఆఖరి నంబర్ ఎంత అనే ప్రశ్న) స్టాల్. తెల్లది ‘సిద్ధమా’ అని అడిగే మొదటి టెస్ట్ యూనిట్ రెడీకే ఫెయిల్.

వీఐడీ, పీఐడీ (తయారీదారు, మోడల్ నంబర్లు) చూసి ఒక్కోదానికీ ఒక్కో ఇఫ్ పెట్టడం మొదలెట్టాను. తీరా చూస్తే ఎర్రదీ, నా టేబుల్ మీద శుభ్రంగా నడిచే ఇంకొకటీ ఒకే నంబర్లు చూపిస్తున్నాయి. స్పెక్ పాటించనివాటి కోసం డ్రైవర్ ఎంతవరకు వంగాలి?

హోస్ట్‌మోడ్:

మేం ఈ తలనొప్పి పడలేక ఒకే మోడల్ పెన్‌డ్రైవ్‌లు డబ్బాల లెక్కన కొని మిషన్‌తో పాటే ఇచ్చేశాం. ఆర్నెల్లు హాయిగా గడిచింది. తర్వాత వచ్చిన డబ్బాలో పేరు అదే, అట్ట అదే, లోపల కంట్రోలర్ వేరు. మళ్లీ మొదటికొచ్చాం.

పాతడ్రైవర్:

తమ్ముడూ, ముందు నీలందీ తెల్లదీ పక్కన పెట్టు. వాటి తప్పేం లేదు, నీ కోడ్‌దే. ఒకే లన్ ఉన్న డివైస్ గెట్ మ్యాక్స్ లన్‌కి స్టాల్ ఇవ్వొచ్చని నువ్వు పక్కన పెట్టుకున్న స్పెక్‌లోనే ఉంది. స్టాల్ వస్తే సున్నా అనుకుని ముందుకెళ్లు. తెల్లదానికి రిక్వెస్ట్ సెన్స్ (ఎందుకు ఫెయిలైందని అడిగే కమాండ్) పంపి చూడు. కారణం చెప్పే కోడ్‌లు సెన్స్ కీ 6, ఏఎస్‌సీ హెక్స్ 28 వస్తాయని నా పందెం. ‘ఇప్పుడే పెట్టారు, మీడియా మారి ఉండొచ్చు’ అని పద్ధతిగా చెబుతోందంతే. సెన్స్ చదివేసి మళ్లీ అడుగు.

మిగతా మూడూ నిజంగానే తేడా సరుకు. అయినా ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటున్నాయంటే ఎందుకో ఆలోచించు. తయారుచేసినవాడు స్పెక్ ముందేసుకుని పరీక్ష చేయలేదు. విండోస్‌లో పెట్టాడు, డ్రైవ్ కనబడింది, అట్టలో పెట్టి అమ్మేశాడు. విండోస్ ఏ కమాండ్‌ని ఏ సైజుతో పంపుతుందో అంతవరకే ఆ ఫర్మ్‌వేర్‌కి లోకజ్ఞానం. నువ్వు కూడా అదే అడుగు. ఇంక్వైరీకి 36 బైట్లు చాలు, లినక్స్ యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ కూడా 36 దాటదు. మోడ్ సెన్స్ (సెట్టింగులు అడిగే కమాండ్) పంపాల్సొస్తే పేజీ హెక్స్ 3ఎఫ్, 192 బైట్లు. ఆ 192 కూడా విండోస్ అలవాటే.

నల్లదానికి లినక్స్‌లో నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. బస్తా తూచే ముందు తెలిసిన రాయి పెట్టి కాటా చూస్తాం కదా, అలాంటిది. ఇంక్వైరీకి 36 బైట్లు, రీడ్ కెపాసిటీకి 8 బైట్లు రావాలని ముందే తెలుసు. అన్నీ వచ్చాయి, స్టేటస్ ఓకే, అయినా రెసిడ్యూ సున్నా కాకపోతే ఆ డివైస్‌కి కూడికలు తీసివేతలు రావని తేలిపోయినట్టే. ఇక పీకేదాకా దాని రెసిడ్యూ చూడొద్దు. వీఐడీ, పీఐడీతో పనే లేదు.

స్టీలుది పాత జబ్బు. రీడ్ కెపాసిటీ అడిగితే ఆఖరి సెక్టార్ నంబర్ చెప్పాలి. కొన్ని మొత్తం సెక్టార్లెన్నో చెబుతాయి. నువ్వు స్పెక్ ప్రకారం ఒకటి కలుపుతావు, లేని సెక్టార్ పుట్టుకొస్తుంది. లినక్స్‌లో దీనికి ఫ్లాగ్ ఉంది. కొన్ని డివైస్‌లకైతే మొత్తం బేసి సంఖ్య వస్తే ఒకటి తగ్గించేస్తారు. పీసీకి జీపీటీ (డిస్క్ విభాగాల పట్టిక) నకలు ఆఖరి సెక్టార్‌లో ఉంటుంది కాబట్టి తప్పదు. ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్‌లో లెక్కలు రాసుకునే నీకు అక్కడేం పని?

ఏ డివైస్‌కి ఏ మినహాయింపో రాసిన అన్‌యూజువల్ డెవ్స్ అని లినక్స్ కెర్నల్‌లో ఒక పెద్ద పట్టికే ఉంది, అయితే అది వేరే దారి లేనప్పుడు. కొన్ని ఒలింపస్ కెమెరాలు సీఎస్‌డబ్ల్యూ సంతకంలో యూఎస్‌బీఎస్ బదులు యూఎస్‌బీయూ పంపేవి. ఇప్పుడు డ్రైవర్ మొదటిసారి వచ్చిన సంతకం గుర్తుపెట్టుకుని, తర్వాత కూడా అదే వస్తోందా అని చూస్తుంది.

అన్నట్టు, ఆ స్పెక్ అట్ట మీద తేదీ చూశావా? 1999 సెప్టెంబర్ 31. డివైస్‌ల మీద కోపం వచ్చినప్పుడల్లా నేనది తెరిచి చూసుకుంటాను.

పాలకోడ్:

పందెం మీరే గెలిచారు అన్నా, 6 / 28. ఎర్రది 36కి మారగానే లేచింది. ఆఖరి సెక్టార్ చదవడం మా లీడ్ అడిగిన సెల్ఫ్ టెస్ట్, తీయించేశాను. నల్లది ఇంక్వైరీలోనే దొరికిపోయింది, 36 ఇచ్చి రెసిడ్యూ 36 అంది. ఒకటే టెన్షన్. రెసిడ్యూ వదిలేస్తే డేటా నిజంగానే తక్కువొచ్చినప్పుడు తెలిసేదెలా?

పాతడ్రైవర్:

చదివేటప్పుడు ఎన్ని బైట్లు వచ్చాయో నీ హోస్ట్ కంట్రోలరే లెక్కపెడుతుంది, దాన్ని నమ్ము. రాసేటప్పుడే చిక్కు. ఫైల్ మూసి, మళ్లీ తెరిచి, చదివి సరిపోల్చాకే స్క్రీన్ మీద ‘పూర్తయింది’ అని చూపించు. అవతల రైతుల డబ్బు.

హోస్ట్‌మోడ్:

ఆ నల్లదాన్ని ఎఫ్3తో (నకిలీ కెపాసిటీని పట్టే టూల్) కూడా ఒకసారి చూడండి. ఉన్నదంతా కాపీ తీసుకుని, పూర్తిగా నింపి, తిరిగి చదివించండి. రెసిడ్యూ తప్పు చెప్పేది కెపాసిటీ మాత్రం నిజం చెబుతుందని నాకు నమ్మకం లేదు.

పాలకోడ్:

చూశాను. మీద 64 జీబీ, లోపల 8 కూడా లేదు. ఆ కేంద్రం అతనికి ఫోన్ చేస్తే, పాటలు సగం ప్లే కావట్లేదని ఎప్పుడో చెప్పానుగా అన్నాడు. మీ మిషన్‌లో పెట్టాకే పాడైందని ఊరంతా అనుకుంటున్నారట.