యాక్యురసీ, ప్రెసిషన్: రెండూ ‘కచ్చితత్వమే’ అయితే పిల్లలకు ఏం అర్థమవుతుంది?

(ఇది కొందరి మధ్య నడిచిన చర్చ. మాట్లాడేవాళ్ల పేర్లకు బదులు వాళ్ల చోటు పేరు పెట్టాం.)

బ్రాడీపేట
ఇంజినీరింగ్ పిల్లలకు డేటా మైనింగ్ (సమాచారపు గుట్టల్లోంచి పనికొచ్చేది తవ్వి తీయడం) పాఠాలు తెలుగులో తయారవుతున్నాయి. యంత్రం ఎంత బాగా పనిచేసిందో చెప్పే కొలతలు యాక్యురసీ, ప్రెసిషన్, రీకాల్ దగ్గర బండి ఆగింది. మొదటి రెండింటినీ ‘ఖచ్చితత్వం’ అనీ, మూడోదాన్ని ‘జ్ఞప్తికి తెచ్చుకోవడం’ అనీ రాస్తే పాఠం అక్కడే చచ్చిపోతుంది. మాటలు కావాలి.

ఉదాహరణ మన గుంటూరు మిర్చి యార్డు నుంచే. బెల్టు మీద పోయే ఎండుమిరపకాయల్ని కెమెరా చూసి తాలుకాయ (నాసిరకం కాయ) ఏదో యంత్రం చెప్పాలి. లెక్క కోసం వేసుకున్న అంకెలు ఇవీ: మచ్చు 1000 కాయలు, అందులో నిజంగా తాలు 60. యంత్రం తాలు అని పక్కకు తోసినవి 75. ఆ 75లో నిజమైన తాలు 45, మంచివి 30.

పటమట
పరిభాషలో ఇప్పటికే ఉన్నవి వాడుకోవచ్చు కదండీ. యాక్యురసీకి కచ్చితత్వం, ప్రెసిషన్‌కు నిర్దిష్టత, రీకాల్‌కు పునఃస్మరణ. (‘కచ్చితం’లో క మామూలు క. ఒత్తు మనం పెట్టుకున్నది.)

అరండల్‌పేట
ఒత్తు సంగతి ఒప్పుకుంటాను గానీ పునఃస్మరణ మాత్రం వద్దండీ. రీకాల్‌కు జ్ఞాపకంతో పని లేదు. ఆ మాట గ్రంథాలయాల నుంచి వచ్చింది. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్ విమాన విద్యాకళాశాలలో లైబ్రేరియన్‌గా ఉన్న సిరిల్ క్లెవర్డన్ 1960ల్లో, పత్రాలను వెతికి పెట్టే సూచికల మీద పరీక్షలు చేశాడు. రెండో విడతలో 1400 పత్రాలు పెట్టి, ఒక ప్రశ్నకు పనికొచ్చే పత్రాలు ఇన్ని ఉంటే సూచిక వాటిలో ఎన్నింటిని బయటికి లాగింది అని చూశాడు. అది రీకాల్. లాగినవాటిలో ఎన్ని పనికొచ్చాయన్నది ప్రెసిషన్. అరలోంచి పుస్తకాన్ని వెనక్కి పిలిపించడమే గానీ గుర్తు తెచ్చుకోవడం కాదు.

మీ అంకెలకే వస్తే:

రీకాల్: ఉన్న తాలు 60, వాటిలో పట్టినవి 45. అంటే 75 శాతం.
ప్రెసిషన్: తాలు అని మొత్తం పట్టినవి 75, వాటిలో నిజమైనవి 45. అంటే 60 శాతం.
యాక్యురసీ: తప్పులు రెండు రకాలు. వదిలేసిన తాలు 15, తాలు అనిపించుకున్న మంచికాయలు 30. మొత్తం 45 తప్పులు, 1000లో 955 ఒప్పులు. 95.5 శాతం.

ఇప్పుడు కెమెరా తీసేసి, ప్రతి కాయనూ ‘మంచిదే’ అనే మొద్దు యంత్రాన్ని పెట్టండి. దాని యాక్యురసీ 94 శాతం! ఒక్క తాలు కూడా పట్టకుండా. మీ యంత్రానికీ దానికీ తేడా ఒకటిన్నర శాతమే. అరుదైనదాన్ని వెతికే ప్రతి పనిలోనూ ఈ చిక్కు ఉంటుంది. అందుకే ‘95 శాతం కచ్చితత్వం’ అన్న వార్త చదివితే, ఏ మాటకు కచ్చితత్వం అని రాశారో అడగందే నమ్మకూడదు.

సూర్యారావుపేట
వైద్యంలో ఇవే లెక్కలు వేరే పేర్లతో తిరుగుతాయి. మీ రీకాల్ మాకు సెన్సిటివిటీ. మీ ప్రెసిషన్ మాకు పాజిటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ. స్పెసిఫిసిటీ మరొకటి: మంచికాయలు 940లో మంచివని వదిలినవి 910, అంటే 96.8 శాతం. పటమట గారు చెప్పిన ‘నిర్దిష్టత’ మావాళ్లు ఇప్పటికే స్పెసిఫిసిటీకి వాడేస్తున్నారు. దాన్నే ప్రెసిషన్‌కు ఇస్తే వైద్య విద్యార్థీ ఇంజినీరింగ్ విద్యార్థీ ఒకే మాటతో రెండు లెక్కలు కడతారు. ఇక సెన్సిటివిటీని ‘సున్నితత్వం’ అని పత్రికలు రాసేదాని గురించి ఏం చెప్పమంటారు!

పటమట
అయితే నిర్దిష్టత వెనక్కి. అచ్చ తెలుగులో వెతుకుదాం. ‘అక్షరం పొల్లుపోకుండా’ అంటాం కదా, ఉన్నదాంట్లో ఏదీ జారిపోలేదని. రీకాల్ సరిగ్గా అదే. ‘పొల్లుపోనితనం’ అనొచ్చా? ప్రెసిషన్‌కు ‘నికార్సు’: పట్టిన కుప్పలో వేరేది కలవలేదని.

అరండల్‌పేట
పొల్లుపోనితనం భావానికి బాగా దగ్గర. నాకు నచ్చింది. చిక్కల్లా ఈ ఉదాహరణలోనే ఉంది. తాలూ పొల్లూ అటూ ఇటుగా ఒకే అర్థం కదా. ‘తాలు పొల్లుపోనితనం 75 శాతం’ అని బోర్డు మీద రాస్తే క్లాసు నవ్వుతుంది.

యార్డు గేటు
గురువులూ, మాటల్లో పడి సరుకు మరిచిపోతున్నారు. వరిలో తాలు అంటే గింజ పట్టని పొల్లు. మిరపలో తాలుకు గింజతో సంబంధం లేదు, రంగు చూస్తారు. ఎరుపు వెలిసి తెల్లబారిందో, పసుపు తిరిగిందో తాలు. కల్లంలో ఆరబోసినప్పుడు వాన పడ్డా, కాయకుళ్లు తగిలినా, పూర్తిగా పండకముందే కోసినా అలా తేలుతుంది. తేజ రకం తాలుకు ఒక ధర, లావు రకాల తాలుకు ఒక ధర. తాలును పారేయరు, విడిగా అమ్ముతారు.

అసలు గొడవ సగం తాలుతో. తొడిమ దగ్గర ఎర్రగా ఉండి కొన తెల్లబడ్డ కాయ ఎటు? ఒకాయన తాలు అంటాడు, పక్కాయన ‘సరుకులో కలిసిపోద్దిలే’ అంటాడు. ముందు ఇది తేల్చకుండా యంత్రాన్ని తప్పుబడితే ఎలా? పైగా కెమెరాకు కాయ ఒక వైపే కనపడుద్ది. మచ్చ కింది వైపు ఉంటే ఎవరికి తెలుస్తుంది? పసుపు బల్బు కింద తీసిన ఫొటోలో మంచికాయ కూడా వెలిసినట్టు ఉంటది.

అరండల్‌పేట
ఈ మాటకు దండం పెట్టాలి. పాఠంలో ఇది తప్పకుండా ఉండాలి మాస్టారూ. 1000 కాయల్ని ఇద్దరు గ్రేడర్లు విడివిడిగా చూశారనుకోండి. ఇద్దరూ తాలు అన్నవి 40, ఇద్దరూ మంచివన్నవి 920, మిగతా 40 మీద పేచీ, చెరో 20. ఒప్పందం 96 శాతం, బ్రహ్మాండం అనిపిస్తుంది. కానీ ఎక్కువ కాయలు మంచివే కాబట్టి, ఎవరికి వారు వందకు ఆరింటిని కళ్లు మూసుకుని తాలు అన్నా 88.72 శాతం కలుస్తాయి. ఆ గాలివాటాన్ని తీసేసి చూడటానికి మనస్తత్వ శాస్త్రవేత్త జాకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కొలత కప్పా. 96లోంచి 88.72 తీస్తే 7.28. 100లోంచి తీస్తే 11.28. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.65. మనుషుల మధ్యే ఇంత పేచీ ఉంటే, వాళ్లు పెట్టిన గుర్తులతో నేర్చుకున్న యంత్రానికి 99 శాతం రీకాల్ వచ్చిందంటే సంతోషించకూడదు, అనుమానించాలి.

ఆ అనుమానంలో మొట్టమొదట చూడాల్సింది టిక్కీ (మిరప బస్తా). ఒకే టిక్కీలోంచి తీసిన ఫొటోల్ని కలగలిపి, కొన్ని నేర్పడానికీ కొన్ని పరీక్షకూ పెడితే, ఆ బస్తా రంగు, ఆ పూట వెలుతురు రెండు వైపులా చేరతాయి. యంత్రం తాలును కాక బస్తాను గుర్తుపడుతుంది. కొత్త లాటు రాగానే చతికిలబడుతుంది. విడదీసేటప్పుడు ఫొటోల వారీగా కాదు, లాట్ల వారీగా విడదీయాలి.

బ్రాడీపేట
రాసుకున్నాను. కానీ మాటలు తేలలేదు. ఇదే పాఠంలో అసోసియేషన్ రూల్స్ (‘ఇది ఉంటే అదీ ఉంటుంది’ లాంటి నియమాలు), వాటి కొలతలు సపోర్టు, కాన్ఫిడెన్సు కూడా ఉన్నాయి. సపోర్టును ‘మద్దతు’ అంటే గుంటూరు పిల్లలకు మద్దతు ధర గుర్తొస్తుంది. కాన్ఫిడెన్సును ‘నమ్మకం’ అంటే లెక్కలా వినపడదు.

అరండల్‌పేట
అవీ ఈ కుటుంబమే. 1993లో అగ్రవాల్, ఇమీలిన్‌స్కీ, స్వామి అనే పరిశోధకులు అమ్మకాల చిట్టాల్లోంచి నియమాలు తీయడానికి వాడిన కొలతలు. ‘యంత్రం తాలు అంటే అది తాలే’ అన్నదాన్ని ఒక నియమం అనుకోండి. రెండూ కలిసొచ్చినవి 1000లో 45, సపోర్టు 4.5 శాతం. యంత్రం తాలు అన్న 75లో 45 నిజం, కాన్ఫిడెన్సు 60 శాతం. అంటే మన ప్రెసిషనే! యంత్రం లేకుండా చేతికొచ్చిన కాయ తాలు అయ్యే అవకాశం 6 శాతం. 60ని 6తో భాగిస్తే 10, అంటే అవకాశం పది రెట్లయింది, అది లిఫ్టు. కాన్ఫిడెన్సు ఒక్కటే చూస్తే మోసపోతాం. అసలే 95 శాతం చిట్టాల్లో ఉప్పు ఉంటే, ఏది కొన్నా ఉప్పు కొంటారన్న నియమానికి కాన్ఫిడెన్సు 95 దగ్గర ఉంటుంది, లిఫ్టు మాత్రం 1 దగ్గరే.

నా ఉద్దేశంలో ఒక్క మాట కోసం కొట్టుకోవడం దండగ. ‘లో’ మన చేతిలోనే ఉంది. ‘వాటిలో ఇవి’ అన్నప్పుడు, భాగహారంలో కింద ఉండే అంకెను తెలుగు ముందే చెప్పేస్తుంది. రీకాల్ అంటే ఉన్నవాటిలో పట్టినవి. ప్రెసిషన్ అంటే పట్టినవాటిలో నిజమైనవి. యాక్యురసీ అంటే మొత్తంలో ఒప్పులు. స్పెసిఫిసిటీ అంటే మంచివాటిలో వదిలినవి. భాగహారం మాటలోనే ఉంది, బట్టీ అక్కర్లేదు.

సూర్యారావుపేట
ఈ పద్ధతికి నా ఓటు. ఇంకో లాభం కూడా ఉంది. ‘పట్టినవాటిలో నిజమైనవి’ అన్నప్పుడు అది లాటును బట్టి మారుతుందని తడుతుంది. అదే యంత్రం, అదే సెట్టింగు, సరుకు మాత్రం మేలిరకం అనుకోండి. 10,000 కాయల్లో తాలు 100. పట్టేవి 75. మంచికాయలు 9900లో పొరపాటున తోసేవి సుమారు 316. పట్టిన 391లో నిజమైనవి 75, అంటే 19 శాతం. 60 నుంచి 19కి దిగింది, యంత్రంలో ఒక్క మర కూడా కదపకుండా. అరుదైన జబ్బుకు ఊరందరికీ పరీక్షలు పెట్టినప్పుడు జరిగేది ఇదే.

పటమట
ఒప్పుకున్నాను. కానీ పట్టిక శీర్షికలో ఇంత పొడుగు మాట పట్టదు. రీకాల్‌కు ‘పట్టు’, ప్రెసిషన్‌కు ‘నికార్సు’ అని పొట్టిపేర్లు పెట్టి, కింద ఒకసారి పూర్తి మాట రాయండి.

బ్రాడీపేట
పట్టు, నికార్సు. బాగున్నాయి. రెండూ కలిపిన ఎఫ్ కొలత కూడా కట్టాను: రెండింటి గుణకారానికి రెండింతలు, కింద రెండింటి మొత్తం, 66.7 శాతం. దీన్నే చివరి మార్కుగా ఇవ్వొచ్చా?

యార్డు గేటు
ఎవరి మార్కు అన్నా అది? మంచికాయ తాలులో పడితే రైతు నష్టపోతాడు, ఆయనకు నికార్సు కావాలి. తాలు మంచిలో కలిస్తే కొన్నవాడు నష్టపోతాడు, ఆయనకు పట్టు కావాలి. రెండూ కలిపి సగటు తీస్తే ఎవరి డబ్బు ఎటు పోయిందో ఎలా తెలుస్తుంది?

అరండల్‌పేట
సరైన ప్రశ్న. యంత్రం ప్రతి కాయకూ సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకె ఇస్తుంది. 0.5 దాటితే తాలు అన్నది మనం పెట్టుకున్న గీత. దాన్ని 0.8కి జరిపితే, మాటవరసకు, తోసేవి 30కి తగ్గి అందులో 27 నిజమైనవి అయ్యాయనుకోండి. నికార్సు 90కి ఎక్కింది, పట్టు 45కి పడింది. రైతుకు మేలు, కొన్నవాడికి దెబ్బ. తమాషా ఏమిటంటే తప్పులు 36కి తగ్గాయి కాబట్టి యాక్యురసీ 96.4కు పెరిగింది! పిల్లలకు మూడు గీతల దగ్గర మూడు వరసల పట్టిక ఇవ్వండి. ఎఫ్ కొలత అడుగున ఉంటే చాలు.

బ్రాడీపేట
మీరన్న ఆ గీత ఇంగ్లిషులో థ్రెషోల్డు. దాన్ని ‘గడప’ అనకుండా ‘గీత’ అనే ఉంచేస్తాను. ఇక టెస్ట్ సెట్‌కు (యంత్రాన్ని పరీక్షించే కాయలకు)?

యార్డు గేటు
మచ్చు అని మొదట్లో మీరే రాశారుగా. అదే ఉంచండి. కాకపోతే టిక్కీ మూతి దగ్గర పిడికెడు తీసి మచ్చు అనొద్దు. పైన మంచికాయ పేర్చి ఉండొచ్చు. మూతి దగ్గర, నడుమ, అడుగున మూడు చోట్లా తీసి కలిపితేనే ఆ 1000కి విలువ.