కోకురా మీద పడాల్సిన బాంబు నాగసాకి మీద ఎందుకు పడింది?

చరిత్ర_విద్యార్థిని: 1945 ఆగస్టు 9న వేసిన అణుబాంబు అసలు జపాన్‌లోని కోకురా నగరం కోసమని, మబ్బులు అడ్డొచ్చి నాగసాకికి మళ్ళారని మా లెక్చరర్ చెప్పారు. బయల్దేరే ముందే వాతావరణం చూసుకోరా? అంచనా అంత తప్పుతుందా?

మెట్_రిటైర్డ్: అంచనా తప్పలేదమ్మా. ఎయిర్‌ఫోర్సు మెట్ సెక్షన్‌లో, అంటే వాతావరణ విభాగంలో, 20 ఏళ్ళు చేశాను. తెల్లారగట్ల బెలూన్ వదిలి పైగాలి లెక్క తీయడం, ఆకాశాన్ని ఎనిమిది వంతులు చేసి మబ్బెంతో రాయడం నా పని. అందుకే ఆ రోజు గురించి దొరికిందల్లా చదివాను.

రెండో బాంబు వేయాలనుకున్నది 11న. 10 నుంచి ఐదు రోజులు ఆకాశం బాగుండదని తెలిసి రెండు రోజుల ముందే, 9న, వేయాలనుకున్నారు. అంటే తేదీ పెట్టింది వాతావరణ అంచనాయే. జపాన్‌కు వాతావరణం పడమటి నుంచి వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి అమెరికా నావికాదళం చైనాలో, గోబీ ఎడారి దాకా, పరిశీలన కేంద్రాలు నడిపింది.

రాడార్‌తో కాదు, కంటితో గురి చూసే వేయాలని ఆజ్ఞ. ముందుగా వాతావరణం చూడ్డానికి కోకురా వెళ్ళింది ఎనోలా గే, మూడు రోజుల కిందట హిరోషిమా మీద బాంబు వేసిన విమానమే. బాగానే ఉందని రేడియోలో చెప్పింది. బాంబు మోస్తున్న బాక్స్‌కార్ విమానం మాత్రం యకుషిమా ద్వీపం దగ్గర తోడు విమానం కోసం చక్కర్లు కొడుతూ ఉండిపోయింది. కోకురా చేరేసరికి కిందంతా మసక. ముందు రోజే పక్కనున్న యహతా నగరాన్ని బాంబులతో తగలబెట్టారు, ఆ పొగే కమ్మిందని చాలామంది రాశారు. మూడుసార్లు తిరిగినా గురి కనబడలేదు. ఇంధనం అయిపోతోంది, నాగసాకికి మళ్ళారు. అక్కడా మబ్బే. చిన్న సందు దొరికిందని వదిలితే అనుకున్న చోటికి సుమారు 3 కిలోమీటర్ల అవతల, ఉరకామి లోయ మీద 11:02కి పేలింది.

మేఘమాల: ఇప్పుడైతే మబ్బున్నా వేయగలరు కదా సార్?

మెట్_రిటైర్డ్: ఉపగ్రహాల సాయంతో దారి పట్టే బాంబుకు మబ్బు లెక్క కాదండీ. గురి మీద వేసిన లేజర్ కిరణాన్ని పట్టుకుని వెళ్ళే బాంబుకు అడ్డే, ఆ కిరణం దట్టమైన మబ్బులోంచి పోదు. కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 24న టైగర్ హిల్ మీద మన మిరాజ్ యుద్ధ విమానాలు వేసినవి ఈ లేజర్ బాంబులే. బ్రీఫింగులో పైలట్లు మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉందో తప్పకుండా అడిగేవారు. కోకురా గురించి చదివాక, "ఎనిమిదింట రెండు" అని రాసేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

చరిత్ర_విద్యార్థిని: యహతా పొగ సంగతి మాకెవరూ చెప్పలేదు సార్. రేపు క్లాసులో చెప్తాను.